దగ్గరి బంధువు సంతకం

మార్చి 3, సోమవారం

కొత్త బ్యాచ్ మొదలైంది. పదకొండు మంది వాలంటీర్లు. పంతొమ్మిదేళ్లు వార్డులో నర్సుగా చేశాక ఈ అవయవదానం ట్రైనింగ్ నా నెత్తిన పడింది. పడినందుకు సంతోషమే. మొదటి గంటలోనే రూల్ చెప్పేశాను. మనం ఎవరినీ ఒప్పించం. విషయం చెబుతాం, ఒక్క ప్రశ్న అడుగుతాం, ఆపైన మనసులో పది లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకుంటాం.

ఒక్కరికీ నోరు మూతపడలేదు. రిటైరైన ఇన్సూరెన్స్ ఏజెంటు ఒకాయన ఉన్నాడు, రెండు లెక్కపెట్టేలోపే ఎదుటివాళ్ల చేతిలో పెన్ను పెట్టేస్తున్నాడు. మనం పాలసీలు అమ్మడం లేదు బాబాయిగారూ అన్నాను. ముప్పై ఏళ్ల అలవాటమ్మా, ఒక్కరోజులో పోతుందా అన్నాడు.

మార్చి 4

బట్టలు కుట్టే ఆవిడ లేచి, మీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా మేడమ్ అని అడిగింది. టీకి టైమైందన్నాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నా అవయవదానం కార్డు మీద 'దగ్గరి బంధువు సంతకం' అన్న గడి మూడేళ్లుగా ఖాళీ. మా ఆయన పెట్టడు. పొద్దున అడిగితే పొద్దున్నే చావు మాటలేమిటంటాడు. సాయంత్రం అడిగితే ఇప్పుడే కదా ఇంటికొచ్చానంటాడు. రేపు నాకేదైనా అయితే డాక్టర్లు అడిగేది ఆయన్నే. ఆయన వద్దంటే నా కోరిక చెత్తబుట్టలోకే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో మాత్రం మహా గెలుస్తున్నాను.

మార్చి 5

ఏజెంటు బాబాయి లెక్క నాలుగు దాకా వచ్చింది.

మార్చి 6

మా ఆయన్ని మళ్లీ అడిగాను. మళ్లీ గొడవ. బస్ డిపోలో ఎంత పెద్ద ఇంజనైనా విప్పి పరిచే మనిషి, అరచేయంత కార్డుకి భయపడతాడు. అదే అన్నాను. అన్నం సగంలో లేచిపోయాడు. అనకుండా ఉండాల్సింది.

మార్చి 7, మధ్యాహ్నం 3

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈరోజు ప్రాక్టీసు. భార్య కార్డు రాసింది, భర్త సంతకం పెట్టనంటున్నాడు, ఆ ఇంటికెళ్లిన వాలంటీరు ఏం మాట్లాడాలి? ఈ సీను రాసింది నేనే. ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకేం తెలుసు! భర్త వేషం వేయాల్సిన మనిషికి జ్వరం, రాలేదు. సరిగ్గా అప్పుడే, నేను మర్చిపోయిన కళ్లజోడు ఇచ్చిపోదామని మా ఆయన వచ్చాడు. కుట్టే ఆవిడ, అన్నయ్యగారూ ఐదు నిమిషాలే అంటూ కుర్చీలో కూర్చోబెట్టేసింది. మొహమాటానికి కూర్చున్నాడు. సీను చదివి వినిపించారు. నా వైపు ఒక చూపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

బాబాయి వంతు. చెప్పాల్సింది చెప్పాడు. మీకేమనిపిస్తోందండీ అని అడిగి ఆగాడు. పది దాటింది. ఇరవై దాటింది.

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు.

"మంచిపనే అని నాకూ తెలుసండీ. కానీ సంతకం పెట్టాలంటే, ఆవిడ లేని రోజు ఒకటుంటుందని ముందు ఒప్పుకోవాలి కదా. గ్యాసు ఎప్పుడైపోతుందో కూడా ఆవిడ చెబితేనే నాకు తెలుస్తుంది. ఆ రోజు నాకెవరు చెబుతారు?"

బాబాయి పెన్ను తీయలేదు. నిజమేనండీ అని ఊరుకున్నాడు.

మూడేళ్లలో సంతకం పెట్టమని వందసార్లు అడిగుంటాను. ఎందుకు పెట్టరని ఒక్కసారైనా అడగలేదు. ఊరందరికీ నేర్పుతాను! సిగ్గేసింది. టీ పెట్టుకునే గదిలోకి పోయి ఏడ్చాను. ఏడుస్తుంటే నవ్వు కూడా వచ్చింది, గ్యాసు గుర్తొచ్చి.

మార్చి 8

పదకొండు మందీ పాస్.

సాయంత్రం మా ఆయన తనంతట తనే కార్డు తెమ్మన్నాడు. డిపో రిజిస్టర్లో పెట్టే పెద్ద సంతకం, గడి దాటి పక్క గడిలోకి పోయింది. పోనీ. ప్రాణం ఎంత హాయిగా ఉందో.

మార్చి 9, ఆదివారం

టిఫిన్ అయ్యాక ఇంకో కార్డు నా ముందుకు జరిపాడు. ఆయనది. బాబాయి దగ్గర అడిగి తీసుకున్నాడట. బ్లడ్ గ్రూపుతో సహా అన్నీ నింపాడు. ఒక్క గడే మిగిలింది, నేను పెట్టాల్సింది.

పెన్ను తీసుకున్నాను. పొయ్యి మీద కూర మాడుతోందని లేచాను.

కూరా లేదు, ఏమీ లేదు. టిఫిన్ తర్వాత మళ్లీ పొయ్యే వెలిగించలేదు.

మార్చి 10

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కార్డు బోర్లా తిప్పి పెట్టాను. ఆయన లేని ఇల్లు ఎలా ఉంటుందో అనిపించి, పట్టపగలు వెళ్లి ఆయన చొక్కాలన్నీ మళ్లీ మడతపెట్టాను. పాపం, మూడేళ్లు ఈ మనిషిని పిరికివాడన్నాను.

ఆయన ఒక్క మాటైనా అడగడం లేదు.

మార్చి 13

పెట్టాను. పెట్టాక ఆయన చెయ్యి వదల్లేదు. డిపోకి లేటవుతోందన్నాడు. కానివ్వండి అన్నాను.