జానెడు తక్కువైన తెర

అన్నయ్యకు,

నేను ఫోన్ ఎత్తడం లేదని వదినతో అన్నావట. ఎత్తితే అరుస్తాను, అందుకే రాస్తున్నాను.

ఆ నీలం బట్ట ఎక్కడికి, ఎంత పొడవు కత్తిరించాలని నిన్ను అడిగాను. చెవికి ఫోన్ పెట్టుకునే, "ఎప్పుడూ కుట్టేదేగా, కానివ్వు" అన్నావు. ఇళ్ల కర్టెన్లు ఎప్పుడూ నేలకు జానెడు పైకే కుడతాం. అలాగే కత్తిరించాను. అది నాటకాల హాలుకని, నేలను తాకాలని వాళ్లు నీకు ముందే చెప్పారట. ఆ ముక్క నాకు చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా? నీ మనసులో ఉన్నది తెలుసుకోవడానికి నేనేమైనా సోదెమ్మనా?

తెర వేస్తే కింద నుంచి నటుల కాళ్లన్నీ కనిపించాయని వాళ్లు వెనక్కి పంపారు. అప్పుడు కూడా నన్నేమీ అనలేదు, చెల్లెల్ని కదా. అంచు కుట్టిన ఆవిడ మీద పడ్డావు. "బుర్ర ఉందా నీకు? రేపట్నుంచి పనిలోకి రాకు" అని అందరి ముందూ అరిచావు. పాపం, నేనిచ్చిన బట్టనే ఆవిడ కుట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

పెద్ద కత్తెర ఇంటికి తెచ్చేసుకున్నాను. ముందు ఆవిడ ఇంటికి వెళ్లి, తప్పు నీదేనని చెప్పి పనిలోకి పిలువు. తర్వాత నా బల్ల దగ్గర నిలబడి, ఫోన్ జేబులో పెట్టి, ఏది ఎక్కడికో, ఎంత పొడవో చెప్పు. అప్పుడే కత్తెర తెస్తాను.

విడమరిచి చెప్పడం నీకు చేతకాదని మాత్రం అనకు. ఆవిణ్ణి పొమ్మన్నప్పుడు ఒక్క మాటైనా మింగావా?

నీ చెల్లెలు