పేపరు అరిటాకు

గురువారం

హోటల్ సత్తిబాబు కొత్త హాలు తెరిచాడు. మరీ మరీ ఫోన్ చేస్తే వెళ్ళాను. గోడ మీద నిలువెత్తు ఫోటో నాదే, తోటలో అరటిగెల పట్టుకుని. కింద పెద్ద అక్షరాలతో ‘మన ఊరి రైతు, మన ఊరి పంట’. అది తీసిన రోజున, ఇక హోటల్‌కి ఆకులు నా తోటవే అనుకున్నాను. తోట ఎంత దూరం? హోటల్ వెనక గట్టు దాటితే చాలు.

భోజనానికి కూర్చోబెట్టారు. ముందు వేసింది ఆకు కాదు, ఆకు బొమ్మ అచ్చేసిన పేపరు. మధ్యలో ఈనె కూడా అచ్చేశారు.

“ఇదేంటండీ?” అన్నాను సత్తిబాబుతో.

“ఆకులు కడగడం, తుడవడం, ఆ బాధ ఎవరు పడతారండీ? ఇవైతే హైదరాబాద్ నుంచి కట్టలుగా వచ్చేస్తాయి. ఫోటోలో మాత్రం మీరు బాగా పడ్డారండి!”

కోసి, కడిగి తెచ్చిస్తానని ఎన్నిసార్లు చెప్పాను! వేడన్నం పడ్డ పచ్చి ఆకు వాసన కోసమే వాళ్ళ నాన్నగారి రోజుల్లో జనం కార్లు ఆపుకుని మరీ తినేవారు. అది వీడికి గుర్తు లేదా?

నేను మాత్రం? సిగ్గు లేకుండా కడుపునిండా తిన్నాను. అలవాటు కొద్దీ ఆకు నావైపు మడిచి లేచాను.

చెయ్యి తీయగానే అది మళ్ళీ విచ్చుకుంది.