నువ్వు బతికించిన రాములు

అత్తమ్మా, బాగున్నావా?

నువ్వు పోయి పది నెలలైంది. ఇక్కడ అందరం బాగున్నాం. నీ కొడుకు ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు నిన్నే అడగబోయి ఆగిపోతాడు...

మధ్యాహ్నం కాగానే మన కోరుట్ల వాకిట్లోకి ఆడవాళ్లంతా బీడీల చాటలు పట్టుకుని ఇంకా వస్తున్నారు. ఎదురింటి రాజవ్వ, షాహీన్, అందరూ. చాలామంది మగవాళ్లు గల్ఫ్‌లోనే కదా. వీళ్లు వచ్చేది బీడీలు చుట్టడానికా, నువ్వు అలవాటు చేసిన నవల వినడానికా?

నీ తర్వాత చదివే పని నా మీద పడింది. ఎన్ని తిట్లు తిన్నానో! నవలలో మిల్లు సేటు మాటలు నీలా ముక్కుతో పలకడం నాకెక్కడ వస్తుంది? నువ్వైతే చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి వాణ్ణే తిట్టేదానివి. "వీని నోట్ల మన్ను వడ, గిన్ని అబద్ధాలెట్ల ఆడుతడే!"

సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయి మీ నాయన నిన్ను బొంబాయి పక్కన భీవండికి మగ్గాల పనికి తీసుకుపోయినప్పుడు, అక్కడి కార్మికుల యూనియన్ ఆఫీసులో ఇలాంటి నవలలతోనే చదువు నేర్చుకున్నావట. అందుకే ప్రతి సేటూ నీకు తెలిసినవాడే.

సరే, అసలు సంగతి చెప్తాను. మన బీడీలు తీసుకునే టేకేదారు, మంచివి కూడా బాగాలేవని ఏరి పక్కన పడేయడం మొదలుపెట్టాడు. వాటికి కూలి ఇవ్వడు, బీడీలూ తిరిగి ఇవ్వడు. వెళ్లి కార్ఖానా ముందు కూర్చుందాం అంది రాజవ్వ. పని పోతుందని సగం మంది భయపడ్డారు. నాకూ భయమే... రాజవ్వ మాత్రం, "రాములు గూసోలేదా?" అంది.

అదే, మిల్లు నవలలో సమ్మె నడిపిన రాములు. చివర్లో గేటు తెరిపించి అందరితో కలిసి లోపలికి నడుస్తాడని ఎన్నిసార్లు చదివావో!

ధైర్యం కోసం ఆ చివరి భాగమే చదవమన్నారు. తెరిచాను. అత్తమ్మా... పుస్తకంలో రాములు చచ్చిపోయాడు! గేటు దగ్గరే, లాఠీ దెబ్బకు. గేటు తెరుచుకోనే లేదు. ఇన్నేళ్లూ కాగితం మీద కళ్లు పెట్టి, సొంతంగా కల్పించి చెప్పావా? నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకు మార్చావు? భీవండిలో అలా ఎవరినైనా చూశావా?

లేని ధైర్యం చూపించి వీళ్లను కార్ఖానా ముందుకు తీసుకుపోవడానికి నా మనసొప్పలేదు. ఉన్నది ఉన్నట్టే చదివాను.

అందరి చేతులూ ఆగిపోయాయి. రాజవ్వకు కోపం వచ్చింది. "నీకు సదువరాదే పిల్లా. మీ అత్త మంచిగ సదివింది."

ఆమెకు అక్షరాలు రావు కదా, పుస్తకం షాహీన్ చేతికిచ్చాను. షాహీన్ చదువుకుని, నిజమేనని తలూపింది. రాజవ్వ ఆ పేజీ మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"ఎంత పని జేసిందే ముసల్ది! మనం బుగులు వడతమని రాములును బతికించింది. ఆమె ఇంత జేస్తే మనం గాడ గూసోలేమా? నడువుండ్రి!"

నడిచాం. మరునాటికి, భయపడ్డవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. షాహీన్ చాయ్ తెచ్చింది. నేను గొంతు పోయేదాకా నవల చదివాను. టేకేదారు మొదట కసిరాడు, తర్వాత తలుపు చాటున నిలబడి విన్నాడు! చివరికి బయటికొచ్చి ఒప్పుకున్నాడు. ఇకపై మన కళ్ల ముందే ఏరతాడు, వద్దన్నవి మనకే ఇచ్చేస్తాడు. కూలి మాత్రం పెంచమన్నా పెంచలేదు. దానికోసం మళ్లీ కూర్చుంటాం.

నిన్న వేములవాడ వెళ్లినప్పుడు, పాత పుస్తకాల బండి మీద బొగ్గుబాయి కార్మికుల నవల ఒకటి దొరికింది. చివరి పేజీ చూడలేదు. అందరితోపాటే తెలుసుకుంటాను. రాసినాయన ఎవరినైనా చంపితే, చంపాడనే చదువుతాను. ఆ తర్వాత ఏం చేద్దామో అందరం మాట్లాడుకుంటాం.

నీకు కోపం రాదు కదా?

నీ కోడలు,
సుజాత