ఐదేళ్ల కాగితం

ఆర్మూర్,
2-2-1989

ప్రియమైన బావ కాశీరాం గారికి, దేవిదాస్ నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీరు, అక్క, పిల్లలు కమ్మర్‌పల్లిలో క్షేమమని తలుస్తాను. వాలీబాల్ ఫైనల్ అయిన మర్నాడే మీరు ఎవరికీ చెప్పకుండా సామాను సర్దుకుని సొంతూరు వెళ్లిపోవడం క్లబ్బులో ఎవరికీ నచ్చలేదు. ముఖాముఖి చెప్పాల్సిన మాట అందుకే ఉత్తరంలో రాయాల్సి వస్తోంది.

నిన్న కమిటీ కూర్చుంది. ఏటా ఉగాదికి ఒక్క ఏడాదికని రాసుకునే ఒప్పందం కాగితం బదులు ఈసారి ఐదేళ్లకు రాయమని మీరు అడిగిన సంగతి కార్యదర్శిగా నేనే చదివి వినిపించాను. ఛైర్మన్ గంగాకిషన్ సేటు నవ్వాడు. "ఐదేండ్లంటే గీ మనిషికి నలబై దాటుతయ్. గప్పుడు నెట్టు కాడ నిలవెట్టి హారతి పడ్తమా?" అన్నాడు. మిగతావాళ్లూ నవ్వారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. వాలీబాల్‌లో బంతి లేపి అందించే లిఫ్టర్ మీద జట్టంతా ఆధారపడుతుంది. పన్నెండేళ్లు మీరు ఆ పని చేశారు, ఒప్పుకుంటాను. కానీ ఫైనల్లో రెండో గేమ్ సగానికే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయారు. ఊరంతా చూసింది. నవీపేట్ నుంచి సాలోమోను అని ఇరవై రెండేళ్ల లిఫ్టర్ వచ్చాడు. వాడి కాళ్లలో స్ప్రింగులున్నాయేమో అనిపిస్తుంది.

కాబట్టి ఐదేళ్ల కాగితం వీలుపడదు. పసుపు మార్కెట్ యార్డులో కాంటా దగ్గర మీకిచ్చిన కొలువు కూడా ఆటతో ముడిపడిందే కనుక, ఉగాది తర్వాత దాని సంగతీ ఆలోచించాల్సి ఉంటుంది. అక్కను అడిగానని చెప్పండి.

ఇట్లు,
దేవిదాస్,
కార్యదర్శి, పసుపు వర్తకుల వాలీబాల్ క్లబ్బు


కమ్మర్‌పల్లి,
8-2-1989

ప్రియమైన బామ్మర్దికి,

కార్యదర్శి గారికి అని మొదలుపెట్టాలేమో, చేతకాలేదు. నీ ఉత్తరం నిండా మీరు, మీరు అని రాశావు. నీ అక్కకు చదివి వినిపించాను. గంగమణి బియ్యం చేట కింద పెట్టి, "గిది రాసింది నా తమ్ముడా, కచేరి నౌకరా?" అని అడిగింది.

మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాను, నిజమే. తర్వాత లేచి మిగతా మూడు గేములూ ఆడాను. అది ఎవరూ చూడలేదా? స్మాష్ కొట్టేవాడికి కాళ్లు కావాలి. లేపేవాడికి తలకాయ కావాలి. ఎవడు భయపడుతున్నాడు, ఎవడికి కోపం వచ్చింది, ఎవడి భుజం నొప్పి పెడుతున్నా చెప్పడం లేదు, ఇదంతా చూసుకుని బంతి ఎవడికి ఇవ్వాలో తేల్చేది లిఫ్టర్. నువ్వు స్మాషర్‌గా పేరు తెచ్చుకున్న రోజుల్లో నీకు ముందు రోజు ఇంట్లో గొడవైతే నేను మొదటి బంతి నీకే ఇచ్చేవాణ్ని, కోపమంతా దాని మీద పోతుందని. సాలోమోనుకు ఆ సంగతి ఏ స్ప్రింగు చెబుతుంది?

పన్నెండేళ్లుగా ఉగాది ముందు రోజు ఉతికిన చొక్కా వేసుకుని సేటు అరుగు మీద కూర్చుంటున్నాను. ఆయన లోపల భోంచేసి, కునుకు తీసి, నేనున్నానని గుర్తొచ్చాక పిలుస్తాడు. ఇక కూర్చోలేను. ఇక్కడ మా బావిలో నీళ్లు లేవని నీకు తెలుసు. ఆ కాంటా కొలువు పోతే నీ అక్క బీడీలు చుట్టాలి, నేను దుబాయి ఏజెంటు ఇంటి ముందు నిలబడాలి.

సేటు నవ్విన సంగతి రాశావు. ఊరు చూసిన సంగతి రాశావు. నేను ఐదేళ్లన్నాను. నీ మాటేమిటో ఒక్కటీ రాయలేదు. అది రాయి.

నీ బావ,
కాశీరాం


ఆర్మూర్,
16-2-1989

ప్రియమైన బావకు,

మర్యాద వద్దన్నావు కనుక తీసేస్తున్నాను. నా మాట కావాలన్నావు కదా, విను.

ఫైనల్లో ఆ మహారాష్ట్ర మార్కెట్ జట్టు మనల్ని ఎట్లా ఓడించిందో మరిచిపోయావా? బంతి నీ చేతుల్లోంచి లేవకముందే వాళ్ల బ్లాకర్లు ఇద్దరూ సరిగ్గా అక్కడికి చేరుకున్నారు. ఒకటి రెండుసార్లు కాదు, ఆట పొడుగునా. బంతి ఎవరికి ఇస్తావో నువ్వు నడుము వెనక వేళ్లతో చూపించే సైగలు మనవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కావు. మా నాయన కండువా కింద చెయ్యి పెట్టి పసుపు బేరం చేసేటప్పుడు పట్టే వేళ్లే అవి. ఒక వేలు పడితే ఒకటి, పిడికిలి పడితే ఐదు. ఈ పసుపు మార్కెట్లో, ఈ గంజ్‌లో పెరిగినవాళ్లకే తెలిసిన లెక్క అది. నువ్వు దాన్ని ఆటలో పెట్టావని మేమందరం మురిసిపోయాం. మరి అవతలివాళ్లకు ఎవరు చెప్పారు?

గంజ్‌లో ఏమంటున్నారో తెలుసా? చాయ్ దుకాణం కాడ తుకారాం నా మొహం మీదే అడిగాడు. "మీ బావ ఎంతకు అమ్ముడువోయిండు?" అని. తల తీసేసినట్టయింది. నువ్వు మర్నాడే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే జనం ఇంకేమనుకుంటారు? అటువంటి మనిషికి ఐదేళ్లు రాయమని నేనే నోరు తెరిచి అడిగితే, నాకూ అందులో వాటా ఉందంటారు. నాకూ ఈ ఊళ్లో వ్యాపారం ఉంది, పరువుంది.

దేవిదాస్


కమ్మర్‌పల్లి,
20-2-1989

దేవిదాస్,

ప్రియమైన అనే ఆ మొదటి మాట ఈసారి రాయలేకపోతున్నాను.

తుకారాం ఏమన్నాడో రాశావు, జనం ఏమంటారో రాశావు. నేనడిగేది నిన్ను. నేను అమ్ముడుపోయానని నువ్వు నమ్ముతున్నావా, లేదా? దానికి ఒక మాట చాలు. ఒక కార్డు ముక్క మీద రాసి పంపు.

ఉత్తరం వచ్చిన రోజు నుంచీ నీ అక్క సరిగా తినడం లేదు.

కాశీరాం


ఆర్మూర్,
27-3-1989

ప్రియమైన బావకు, అక్కకు,

నెల దాటినా జవాబు రాయలేదు. రాయడానికి మొహం లేక కాదు, సీజన్ వచ్చి పడింది. కాదు, మొహం లేకే. ఇప్పుడు రాయక తప్పదు కనుక రాస్తున్నాను.

మొన్న అంకాపూర్ రైతు పసుపు కుప్ప కొనడానికి మహారాష్ట్ర దళారి ఒకడు మన యార్డుకు వచ్చాడు. బేరానికి చెయ్యి కండువా కింద పెట్టాం. నేను వేళ్లు పట్టగానే వాడు పగలబడి నవ్వాడు. ఎందుకని అడిగాను. "మీ ముసలి ఆటగాడు యాదికొచ్చిండు భాయ్. మైదానంల నిలవడి వెనకకెళ్లి మాకు రేటు చెప్పిండు కదా" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. వాళ్ల గంజ్‌లోనూ ఇవే వేళ్లట. ఒకటంటే ఒకటి, పిడికిలంటే ఐదు. ఆ రోజు వాళ్ల దళారులు నీ వెనక గట్టు మీద కూర్చుని నీ వేళ్లు చూసి, కండువా ఒకసారి కుడి భుజానికి, ఒకసారి ఎడమ భుజానికి మార్చుకుంటూ పోయారు. వాళ్ల బ్లాకర్లు అది చూసి కదిలారు. మనం మాత్రం వాళ్లు ఉత్సాహంతో ఊపుతున్నారనుకున్నాం. ఇన్నేళ్లలో ఇంకో పసుపు మార్కెట్ జట్టుతో మనం ఒక్కసారీ ఆడలేదు కదా, ఆ వేళ్లు మన సొత్తే అనుకున్నాం.

వాణ్ని చెయ్యి పట్టుకుని సేటు దగ్గరకు తీసుకెళ్లి మళ్లీ చెప్పించాను. తుకారాంను పిలిచి వినిపించాను. అదే సాయంత్రం కమిటీ కూర్చుని నీ మీద మచ్చ లేదని తీర్మానించింది. ఐదేళ్ల కాగితం రాయడానికి సేటు ఒప్పుకున్నాడు, కాంటా కొలువుతో సహా. ఈ మాట మొదట ఎత్తింది నేనే. సాలోమోను వచ్చే ఏడాది వరకూ నీ కింద నేర్చుకుంటాడు.

ఉగాదికి ముందే రా బావా. అరుగు మీద కూర్చోనక్కర్లేదు, సేటే మన ఇంటికి వస్తానన్నాడు. అక్కకు నా మీద కోపం ఉంటుంది. వచ్చి తిట్టమను.

నీ బామ్మర్ది,
దేవిదాస్


కమ్మర్‌పల్లి,
2-4-1989

దేవిదాస్‌కు,

నీ ఉత్తరం అందింది. మచ్చ లేదని తేల్చినందుకు కమిటీకి నమస్కారాలు చెప్పు. నేనడిగిన ఒక్క మాటకు జవాబు ఈ ఉత్తరంలోనూ లేదు. దళారి చెప్పాక నమ్మావు. వాడు ఆ కుప్ప కొనడానికి రాకపోయి ఉంటే?

వేళ్ల సంగతి నాకు నీకంటే ముందే తెలిసింది. ఆ మహారాష్ట్ర జట్టు కెప్టెన్ మార్చి మొదట్లోనే జీపు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నా చేతిలోని ప్రతి సైగా తెలిసి కూడా గెలవడానికి ఐదు గేములు పట్టిందని, తెలియకపోతే మూడింట్లోనే ఇంటిదారి పట్టేవాళ్లమని అన్నాడు. నా ఆట గురించి ఆ మాట పరాయివాడు చెప్పాడు. నువ్వు ఐదేళ్లు ఇస్తానన్న ఉత్తరంలో కూడా నా ఆట గురించి ఒక్క ముక్క లేదు. దొంగ అన్నందుకు జుర్మానా కట్టినట్టు ఇస్తున్నావు. అది నాకెందుకు?

ఇంకో సంగతి కూడా చెబుతాను. ఐదేళ్లు నేను ఆడలేను. నాకు తెలుసు, పొద్దున లేవగానే నా మోకాలు నొక్కే నీ అక్కకు తెలుసు. మహా అయితే రెండేళ్లు. నువ్వు దళారివి. రైతు మొదట చెప్పిన ధరకు ఏనాడైనా సరే అన్నావా? లేక అది విని వాణ్ని దొంగ అని తిట్టి లేచిపోయావా? సగానికి అడుగుతావు, వాడు కొంత దిగుతాడు, నువ్వు కొంత ఎక్కుతావు. రోజంతా చేసే పని అదే కదా. నీ మాటేమిటో రాయి అని నేనడిగింది అందుకే. పరాయివాళ్లతో చేసే బేరం కూడా నాతో చేయాలనిపించలేదా నీకు?

ఆ కెప్టెన్ మా వాకిట్లో కూర్చుని ఎన్నేళ్లని అడిగాడు. ఐదన్నాను. అతను ఒకటన్నాడు. గంగమణి తెచ్చిన చాయ్ చల్లారక ముందే రెండు దగ్గర కుదిరింది. ఉగాది మర్నాడు పిల్లలతో సహా వాళ్ల ఊరికి బయల్దేరుతున్నాం. నీ అక్క నిన్ను తిట్టడానికి రాదు. "వానితోని నాకు మాటలు లెవ్వు అని రాయి" అంది, రాశాను.

సాలోమోను మంచివాడు. వాడి పెళ్లాం పిల్లల సంగతి తెలుసుకుని కాగితం రాయండి.

నేను నీ దగ్గర కోరిందీ రెండేళ్లే. ఒకటని నువ్వు అని ఉంటే చాలు దేవిదాస్, ఆ రోజే కుదిరిపోయేది.

నీ అక్క మొగుడు,
కాశీరాం