రిఫరీ ఎత్తిన చెయ్యి

బావా,

ఇందుమూలముగా సమస్త బంధుమిత్రులకూ, మా వీధి కుక్కలకూ, నా కొట్టు గోడ మీది బల్లికీ తెలియజేయునది ఏమనగా: ఈ ఉదయం నుంచి నేను మీసానికి నూనె రాయడం మానేశాను. కాఫీలో రెండో చెంచా చక్కెర మానేశాను. చెప్పులు ఇకమీదట గుమ్మానికి ఎడమ పక్కనే విడుస్తాను. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇన్నాళ్ళూ తమరికి తగిలించిన 'గారు'ని, 'మీరు'ని ఊడబీకి అవతల పారేశాను. ఇకనుంచి నువ్వు ఉత్త నువ్వే. ఈ ప్రకటన మీద అభ్యంతరాలుంటే నీ దగ్గరే దాచుకో.

నిన్న సాయంత్రం కొట్లో పరుపుకి అంచు కుడుతుంటే పక్క కొట్టు టైలరు పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, టీవీ పెట్టు! మీ బావ కనపడుతున్నాడు" అన్నాడు. పెట్టాను. తొంభైల్లో ప్రతి శనివారం జనాన్ని టీవీల ముందు కట్టిపడేసిన మన 'కుస్తీ కోట' గురించి గంటసేపు జ్ఞాపకాల కార్యక్రమమట. నువ్వు సోఫాలో కూర్చున్నావు. ఆ సోఫాకి గుడ్డ ఎవడు బిగించాడో గానీ మూలల దగ్గర ముడతలు. ముడతల మీద నువ్వు, నీ చేతిలో కర్ర. యాంకరమ్మ నీ మోకాలి గురించి అడిగింది. నువ్వు కాసేపు పైకప్పు చూశావు. తర్వాత, "పరాయివాడు కొడితే నొప్పి పుడుతుందమ్మా. సొంత మనిషి కొడితే నొప్పి ఉండిపోతుంది. నేను దూకుతుంటే నా బావమరిది కావాలనే పక్కకి తప్పుకున్నాడు" అని కళ్ళు తుడుచుకున్నావు. ఏ కంట్లోనూ నీళ్ళు లేవు. నేను టీవీకి ముక్కు ఆనించి మరీ చూశాను.

టైలరు నా వైపు చూశాడు. "నిజమా అన్నా?" అన్నాడు. నా కొట్లో కుట్టించుకున్న దిండు మీద రోజూ పడుకునే మనిషి, నన్ను ఆ మాట అడిగాడు!

నీకు మతిమరుపు వచ్చిందేమో, కాస్త గుర్తు చేస్తాను. మనిద్దరం ఒకేరోజు ఆ షెడ్డుకి పని అడగడానికి వెళ్ళాం. కుస్తీ కంపెనీ ఓనరు మనల్ని పక్కపక్కన నిలబెట్టి, "వీడి పళ్ళు బాగున్నాయి, వీడు మంచోడు. వాడి మొహం బాకీ వసూలుకొచ్చినట్టుంది, వాడు చెడ్డోడు" అన్నాడు. అంతే కదా! నువ్వు ఉక్కుపిడుగువి, నేను నల్లతేలుని. నీ మంచితనం అంతా నీ పళ్ళలో ఉంది. అవి కూడా ఇప్పుడు కట్టుడువేనని నిన్న టీవీలో తెలిసిపోయింది.

ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే అనుకునేవాళ్ళం, నిజమే. కానీ పడటం ఉత్తుత్తిది కాదు. చెక్క మీద పలచటి బొంత, ఆ బొంత మీద మన వీపులు. ఎత్తినవాడి చేతుల్లో పడేవాడి మెడ ఉంటుంది. అన్నేళ్ళలో నీ మెడ నా చేతుల్లో ఎన్నిసార్లు ఉందో, ఒక్కసారైనా కలుక్కుమందా? జనం నన్ను తిడుతుంటే నీ చెవిలో, "బావా, గడ్డం ఛాతీకి ఆనించుకో" అని చెప్పి మరీ ఎత్తేసేవాణ్ణి.

దానికి నాకు దక్కిన మర్యాద విను. మంగలి గొంతు మీద కత్తి పెట్టి, "ఈ శనివారం కూడా మోసం చేస్తావా?" అని అడిగేవాడు. బస్సు కోసం నిలబడితే ఒక ముసలావిడ గొడుగుతో వీపు మీద బాదింది. "అమ్మా, అది ఆటమ్మా" అంటే, "ఆటలోనే ఇంత వెధవ్వైతే ఇంట్లో ఇంకెంతో" అని రెండోది వేసింది. ఓనరు పెట్టిన కట్టడి ఒకటి: మంచోడు, చెడ్డోడు కలిసి ఎవరికంటా పడకూడదు, ఒక బల్ల మీద తినకూడదు. అందుకని నా సొంత అక్క ఇంటికి నేను తలకి తువ్వాలు చుట్టుకుని పెరటి గుమ్మంలోంచి వచ్చేవాణ్ణి. మీరు ముందు గదిలో అభిమానులతో ఫొటోలు దిగుతుంటే, నేను వంటింట్లో నీళ్ళ బిందె పక్కన కూర్చుని తినేవాణ్ణి. చూశావా, కోపంలో కూడా 'మీరు' అని పడింది. కొట్టేస్తున్నాను.

ఇప్పుడు ఆ చివరి పోటీ. ఏమనుకున్నాం? నేను నీకు వీపు పెట్టి రిఫరీతో గొడవ పడాలి. నువ్వు మూల స్తంభం ఎక్కాలి. నేను ఇటు తిరిగి చేతులు చాపాక నువ్వు దూకాలి. నీ బరువు నా ఛాతీ మీద తీసుకుని నేను వెల్లకిలా పడాలి. తిరిగాక, చాపాక! నేను తిరగకముందే వెనకాల దభీమని చప్పుడు. చూస్తే నువ్వు నేల మీద, నీ మోకాలు ఇంకెవరిదో అన్నట్టు పక్కకి తిరిగి ఉంది.

ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాను. గది గుమ్మంలో అక్క అడ్డం నిలబడి, "ఇంకా ఏం మిగిలిందని వచ్చావురా?" అంది. వరండా అంతా మన కుస్తీ చూసేవాళ్ళే. పక్కనే ఓనరు. బయటివాళ్ళ ముందు వేషం వదలొద్దని చెయ్యి గిల్లాడు. వెధవని, నల్లతేలు నవ్వు నవ్వాను. అక్క వెనక మంచం మీంచి నువ్వు అంతా విన్నావు. "వాడి తప్పు లేదే" అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? గోడ వైపు తిరిగి పడుకున్నావు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నేనూ నోరు మూసుకున్నాను. ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని చూశాను. నా తోడబుట్టింది ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. నా కూతురు పుడితే రాలేదు. నా భార్య పోతే వచ్చింది. వాకిట్లో నిలబడి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

సరే, ఇన్నేళ్ళూ చెప్పలేదు. చెప్పకపోతే పోయావు, టీవీలో కూర్చుని ఊరందరికీ తలకిందులుగా చెబుతావా?

అందుకే ఈ ఉదయం రిఫరీ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఉలిక్కిపడకు, బతికే ఉన్నాడు. రైల్వే గేటు పక్కన తాళంచెవులు కోసే కొట్టు పెట్టుకున్నాడు. బల్ల మీద ఒంటికన్ను పిల్లి. నన్ను చూడగానే, "ఏరా తేలూ, తోక ఊడిందా?" అన్నాడు. అదే బొంగురు గొంతు. "మాస్టారూ, ఆ రోజు నా వీపు అటుంది, మీ మొహం అటుంది. ఏం చూశారు?" అని అడిగాను. చేతిలో ఆకురాయి కింద పెట్టాడు. "మీ బావ తొందరపడుతున్నాడని చెయ్యెత్తి ఆగమన్నానురా. నా చెయ్యి చూశాడు. చూసి కూడా దూకాడు" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంటే, "ఎవడడిగాడు?" అన్నాడు. పిల్లి ఆవులించింది.

కాబట్టి బావా, వచ్చే ఆదివారం లోగా అక్కకి నీ నోటితో నువ్వు చెప్పు. లేదంటే మాస్టారిని, పిల్లిని వెంటబెట్టుకుని మీ గేటు ముందు నిలబడతాను. ఫోను చేస్తే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో. అక్షరాల్లోవి కాదు.

ఇట్లు,
పరుపులు కుట్టుకునే
నల్లతేలు


తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి మీ బావ కళ్ళజోడు కనపడలేదు. "టీవీలో చూసి ఎవరో అభిమాని రాసుంటాడు, నువ్వే గట్టిగా చదువు" అన్నారు. పక్కింటాయన, ఆయన భార్య కూడా కూర్చుని ఉన్నారు. గట్టిగానే చదివాను.

'బావా' అని ఉంటే అభిమాని చనువనుకున్నారు, బల్లి దగ్గర నవ్వారు. 'ఉత్త నువ్వే' దగ్గర నవ్వు ఆగింది. "ఇంక చాల్లే, వాడి వాగుడు" అని కాగితం లాక్కోబోయారు. నేను ఇవ్వలేదు. వాగుడైతే వినడానికి భయమెందుకు? రిఫరీ చెయ్యెత్తిన చోటికి వచ్చేసరికి ఆయన చేతిలో కర్ర కింద పడింది. "ఆయన చెప్పేశాడా?" అన్నారు. అబద్ధం అనలేదురా. చెప్పేశాడా అన్నారు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కథల్లో విన్నాను, నా ఇంట్లో చూశాను.

కక్కించాను. స్తంభం మీద నిలబడితే కెమెరా మీద ఎర్ర దీపం వెలిగిందట. అది వెలిగితే ఆ కెమెరా ఈయన్నే చూపిస్తోందని లెక్కట. ఆరిపోతుందేమోనని భయం. రిఫరీ చెయ్యి ఎత్తడం కనపడిందట, నువ్వు ఇంకా తిరగలేదని కూడా తెలుసట. "దీపం ఆరేలోపు దూకేద్దాం, ఎలాగోలా పట్టుకుంటాడులే అనుకున్నానే" అన్నారు. ఆసుపత్రిలో ఒక రోజు ఆలస్యమైందట చెప్పడం. రెండో రోజుకి సిగ్గేసిందట. తర్వాత ఆ అబద్ధమే ఆయనకి నిజమైపోయిందట. ఎంత సుఖమో చూడు!

టీవీ వాళ్ళకి నా ఎదురుగానే ఫోను చేయించాను. "కార్యక్రమం అయిపోయింది సార్" అన్నారు. సరే, పక్కింటివాళ్ళ ముందు మాత్రం మొత్తం చెప్పారు. ఆ రోజు నుంచి వంటింట్లో ఆయన పని ఆయనే చేసుకుంటున్నారు. నిన్న పాలు పొంగించి పొయ్యి ఆర్పారు.

నీకూ ఉంది. నా గుమ్మంలో నిలబడి ఆ నవ్వు నవ్వుతావా? ఓనరు గిల్లితే నవ్వేవాడివి, నేను ఏడుస్తుంటే ఒక్క మాట చెప్పలేకపోయావా? ఇద్దరు మగాళ్ళు ఆట ఆడుకుంటూ నన్ను మధ్యలో బొంతలా పరిచారు. నా మేనకోడల్ని ఎత్తుకోవలసిన చేతులు ఇవి. ఆ కోపం నాకు తీరదు. తీరకపోయినా చెబుతున్నాను, ఆదివారం భోజనానికి రా. తువ్వాలు చుట్టుకోకుండా, ముందు గుమ్మంలోంచి రా.

రిఫరీ మాస్టారిని తీసుకురా. ఆయనకి చేతులు జోడించి దణ్ణం పెట్టాలి. నాలుగు కుర్చీలు వేస్తాను. పిల్లికి పాలు కూడా.

మీ అక్క


అక్కా,

నీ ఉత్తరం కొట్లో నిలబడి చదివాను, తర్వాత పరుపు మీద కూర్చుని చదివాను, తర్వాత టైలరుని పిలిచి వాడి చేత చదివించాను. వాడికి ఇంకో అనుమానం లేకుండా!

ఎర్ర దీపమట! దీపానికి ఎగిరే పురుగుకి కూడా రెక్కలు ఉంటాయి అక్కా, మీ ఆయనకి అవి కూడా లేవు. చెయ్యి చూశాడట, వీపు చూశాడట, ఎలాగోలా పట్టుకుంటానట! నేను మనిషినా, గోనెసంచీనా? ఈ మాట ఆదివారం మొహం మీదే అడుగుతాను. 'మీరు' అనే అడుగుతాను, పెద్దవాడు కదా. కానీ గట్టిగా అడుగుతాను.

నువ్వు తిట్టిన తిట్లు మాత్రం నావే. ఆ నవ్వు నేను నవ్వకుండా ఉండాల్సింది. నీ మేనకోడలు కూడా వస్తానంటోంది. నువ్వెవరో తనకి చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను, మంచిగానే చెప్పాను. ఆయనకి ఆదివారం దాకా పాలు పొంగించనీ, తర్వాత క్షమించు. ఇల్లు తగలబెడితే మళ్ళీ నీకే కష్టం.

ఇంతకీ కుర్చీల సంగతి. నాలుగే వెయ్యి, కానీ నాలుగోది మా అమ్మాయికి. రిఫరీ మాస్టారు రాడు.

ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు అక్కా. ఆ పోటీ తర్వాత ఆయన్ని నేను చూడనే లేదు. రైల్వే గేటు పక్కన తాళాల కొట్టు లేదు, పంచరు కొట్టు ఉంది. ఆకురాయి, ఒంటికన్ను పిల్లి, పిల్లి ఆవులింత, అన్నీ నేను కుట్టినవే. కొంచెం దూది ఎక్కువ కూరానని అప్పుడే అనిపించింది.

ఒక్క మాట నీకు మాత్రమే రాస్తున్నాను. బావ ముందు అరిచానే గానీ, నేను సమయానికే తిరిగానని నాకు ఏనాడూ గట్టిగా తెలియదు. ఒక్క రెప్పపాటు ఆలస్యం చేశానేమో, ఆ మోకాలు నా వల్లే పోయిందేమో అని ఎన్ని పరుపులు కుట్టినా ఒక్కదాని మీదా హాయిగా పడుకోలేదు. ఆయన నోటి నుంచి నిజం రావాలంటే చూసినవాడు ఒకడు ఉండాలి. చూసినవాడు దొరకలేదు. అందుకని ఆ చెయ్యి నేను ఎత్తించాను. అది నిజంగానే లేచిందని నాకు తెలిసింది నీ ఉత్తరంలోనే.

నేనెలా చూస్తాను అక్కా? నా వీపు అటుంది.

నీ తమ్ముడు