మేనేజరు పరీక్షకు మా చాల్ అంతా కూర్చుంది

జూన్ 9, సోమవారం

మొదటి క్లాసు అయింది. దాదర్‌లో, పెళ్లి హాలు పైన గది. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు. హౌసింగ్ సొసైటీ మేనేజరు సర్టిఫికెట్ కోర్సు, మూడు నెలలు. ఇరవై రెండు మందిమి. చీర కట్టింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు రిటైరైన గుమస్తాలు, టై కట్టిన కుర్రాళ్లు కొందరు.

అందరూ తమ టవర్ల పేర్లు చెప్పుకున్నారు. నా వంతు. కామాటిపుర, మూడంతస్తుల చాల్, ఇంటికో గది అన్నాను. గది ఒక్కసారి చల్లబడింది... ఆ పేరు వింటే అందరికీ ఎర్రదీపాల వీధులే గుర్తొస్తాయి, పెళ్లై వచ్చినప్పటి నుంచి అలవాటే నాకు. పాఠం చెప్పే కులకర్ణి సార్ మాత్రం తలెత్తకుండానే అడిగారు — ట్యాంకు ఎన్ని లీటర్లు? ఆయన మీద గౌరవం అక్కడే కుదిరింది. ఎన్ని లీటర్లో నాకు తెలియదు. సిగ్గేసింది. ఎక్కి చూడాలి.

జూన్ 10, మంగళవారం

చూశాను. అయిదు వేల లీటర్లు. పావురాల ఈకలు అదనం.

జూన్ 11, బుధవారం

ఎందుకు చేరానో రాసి పెట్టుకోవాలి. రేపు భయమేస్తే చదువుకోవచ్చు.

చాల్ సొసైటీగా రిజిస్టరైంది. ఆరేళ్లుగా ఉత్తరాలు, ప్లంబరును పిలవడం, మునిసిపాలిటీ ఆఫీసు తిరుగుళ్లు అన్నీ నావే. పేరు లేని పని. ఇప్పుడు కమిటీకి అసలైన మేనేజరు కావాలట. అంధేరీ కంపెనీ ఒకటి మనిషిని పంపిస్తానంది. నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఛైర్మన్‌ను, చాల్ అంతా మామ అని పిలిచే యాదగిరి మామను అడిగాను — నేనెందుకు కాకూడదు?

"నీకు పని వస్తది బిడ్డా. గాని కాగితం లేదు. మూడు నెల్ల టైమిస్త. కాగితం తెచ్చుకో, నీ పేరు మీటింగ్ల పెడ్త."

మామ మాటంటే మాటే. వర్లి నుంచి నన్ను ఈ ఇంటికి కోడలిగా తెచ్చిన సంబంధం కూడా ఆయన మాటే. రోజూ పొద్దున మా తలుపు మీద పేపరుతో రెండు దెబ్బలు వేసి, "చాయ్ తాగినవా బిడ్డా?" అని అడిగి పోతాడు. కన్నతండ్రి పోయాక నన్ను అలా అడిగేది ఆయనొక్కడే.

ఆ మేనేజరు కుర్చీ నాకు కావాలి. రాసుకుంటే ఎంత హాయిగా ఉందో. ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే కాబట్టి ఇక్కడ ఏమైనా రాయొచ్చు. మా ఆయనకు హిందీ పేపరు, కూతురు స్వాతికి మరాఠీ, ఇంగ్లీషు. అత్తకు ఏ అక్షరమూ రాదు. నేను ఏడో తరగతి దాకా మునిసిపల్ తెలుగు బడి.

జూన్ 14, శనివారం

నేటి పాఠం: సర్వసభ్య సమావేశం. నోటీసుకూ మీటింగుకూ మధ్య పద్నాలుగు పూర్తి రోజులు ఉండాలి. మీ దగ్గర నోటీసు ఎలా ఇస్తారని సార్ అడిగారు. ఉన్నది చెప్పాను. యాదగిరి మామ కింద నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడతాడు. "అందరు కిందికి రాండ్రి!" అంతే, పది నిమిషాల్లో మీటింగు.

క్లాసంతా నవ్వారు. సార్ నవ్వలేదు. రాని వాళ్ల సంగతేంటి, పనికి పోయినవాళ్ల సంగతేంటి అన్నారు. నిజమే, ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్లకు సాయంత్రం ఎవరో ఒకరు చెప్పేవాళ్లు... అప్పటికి అంతా అయిపోయేది.

జూన్ 19, గురువారం

అత్తతో చచ్చిపోతున్నాను. రోజూ క్లాసు నుంచి రాగానే వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుని — ఇయ్యాల ఏం చెప్పిండు మీ సారు? అందరూ నడిచే దారిలో సామాను పెట్టకూడదని చెప్పారన్నాను. అంతే. ఈరోజు నేను లేనప్పుడు మూడో అంతస్తు దాకా ఎక్కి, గదుల ముందు గ్యాలరీలో చెప్పుల స్టాండ్లన్నీ ఒక మూలకు లాగేసిందట. "కాయదా ఉన్నది, రూలు! మా కోడలు సదువుతున్నది!"

ఆ స్టాండ్లలో ఒకటి లక్ష్మక్కది. లక్ష్మక్కది మూడో అంతస్తు చివరి గది, చాల్ మొత్తానికి పెద్ద గొంతు. గ్యాలరీలోంచి వంగి అరిచింది — "కాగితం రాకముందుకే గింత రుబాబా? వచ్చినంక మా నెత్తి మీద నడుస్తరా?"

అత్తను పంపి సారీ చెప్పించాలనుకున్నాను. అత్త సారీ చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. నేనే వెళ్లాను. లక్ష్మక్క తలుపు తీయలేదు.

జూలై 6, ఆదివారం

రాత పరీక్ష. ఆరేళ్లుగా ఆఫీసులకు ఉత్తరాలు రాసిన మరాఠీలోనే రాశాను. లిఫ్టు నిర్వహణ గురించి ఒక ప్రశ్న. మాకు లిఫ్టే లేదు. ఊహించుకుని ఒక లిఫ్టు పెట్టాను, దానికి నెలనెలా సర్వీసు చేయించాను, తలుపు ఇరుక్కుంటే ఏం చేయాలో కూడా రాశాను. నేను రాసిన లిఫ్టు చాలా బాగా పనిచేసింది.

జూలై 15, మంగళవారం

రాతలో పాస్!! అత్త గ్యాలరీ అంతా చక్కెర పంచింది. లక్ష్మక్కకు కూడా — తీసుకుందట, మాట్లాడలేదట.

ఇక ప్రాక్టికల్. మా సొసైటీలోనే ఒక మీటింగు నేను నడపాలి, సార్ వచ్చి వెనక కూర్చుని చూస్తారు. అభిప్రాయభేదం వస్తే ఎలా నడిపిస్తానన్నదానికే సగం మార్కులు. మా చాల్‌లో అభిప్రాయభేదానికి కొరతా? ఆ సగం మార్కులూ జేబులో ఉన్నట్టే.

అజెండా కూడా తేలిగ్గా దొరికింది. నీళ్లు. ట్యాంకు నీళ్లు పొద్దున గంటసేపే. వాల్వు తిప్పే చావి కింద గదిలో ఉండే యాదగిరి మామ దగ్గర ఉంటుంది. ముందు కింద గదులకు, చివర మూడో అంతస్తుకు. పైకి చేరేసరికి ధార సన్నబడుతుంది. ఆరేళ్లుగా లక్ష్మక్క పోరాటం ఇదే.

జూలై 17, గురువారం

నోటీసు అంటించాను. స్వాతి మరాఠీలో ప్రింటు తీసింది, పక్కన నా చేత్తో తెలుగు. మామ పళ్లెం పట్టుకుని వచ్చాడు, ఒక్కసారన్నా కొట్టనీయమంటాడు. పళ్లెం లాక్కోవలసి వచ్చింది.

జూలై 20, ఆదివారం

బోనాలు. లక్ష్మక్క బోనం ఎత్తుకుని మెట్లు దిగుతుంటే నేనే పక్కన చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి ఇచ్చింది. మాట మాత్రం లేదు.

ఆగస్టు 3, ఆదివారం

ఏం రాయను... నవ్వాలా ఏడవాలా.

పదకొండింటికి సార్ వచ్చారు. కింద సంఘం గదిలోకి అడుగు పెడితే నేనే గుర్తు పట్టలేనట్టు ఉంది. కొత్త దుప్పటి పరిచిన కుర్చీ, గుమ్మానికి మామిడాకులు. ఆడవాళ్లందరూ పట్టుచీరల్లో. మామ ఇస్త్రీ చేసిన తెల్ల బట్టల్లో. సార్‌కు శాలువా కప్పారు, అత్త బొట్టు కూడా పెట్టింది. పళ్లెంలో సకినాలు.

సరే అనుకుని మొదలుపెట్టాను. పోయిన మీటింగు మినిట్స్ చదివాను. అందరూ ఒక్క గొంతుతో — "మంజూర్!" మెట్ల మీద బల్బులు. "మంజూర్!" ఎవరికీ ఒక్క ప్రశ్న కూడా లేదా? నీళ్ల విషయం వచ్చింది. మొదటి ప్రతిపాదన, ఇప్పుడున్న వరసే కొనసాగాలి. చేతులెత్తండి అన్నాను. అన్ని చేతులూ లేచాయి. లక్ష్మక్క చెయ్యి కూడా! రెండో ప్రతిపాదన, వారానికో అంతస్తు చొప్పున వరస మారాలి... మళ్లీ అన్ని చేతులూ. మామ రెండు చేతులూ ఎత్తాడు.

సార్ పెన్ను ఆగిపోయింది. రెండూ ఎలా పాసవుతాయమ్మా అన్నారు. మామ లేచి దండం పెట్టి — "మా దగ్గర లొల్లి లేదు సార్. పద్మ అంటే అందరికి మంజూరే."

తర్వాత అత్త చెప్పింది. నిన్న మామ గదిగదికీ తిరిగాడట. రేపు పద్మ ఇజ్జత్ సవాలు, ఎవ్వరు నోరు తెరువద్దు, ఏం అడిగినా చెయ్యి ఎత్తుండ్రి.

పోతూ సార్ అన్నారు — ముప్ఫై ఏళ్లలో గొడవ పడని సొసైటీని చూడలేదు, ఇది మీటింగు కాదు, పెళ్లి చూపులు. ప్రాక్టికల్ మళ్లీ పెట్టాలి. ఇంకొక్క అవకాశమే. శాలువా మడిచి నా చేతికే ఇచ్చి వెళ్లారు, రెండు సకినాలు మాత్రం తిన్నారు.

నా మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలియదు. ఆ ప్రేమే నన్ను ఫెయిల్ చేసింది. స్నానాల గదిలో నీళ్లు లేని నల్లా ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను. మామ రెండు చేతులూ ఎత్తడం గుర్తొచ్చి నవ్వూ వచ్చింది.

ఆగస్టు 4, సోమవారం

లక్ష్మక్క గదికి వెళ్లాను. ఈసారి తలుపు తీసింది.

"ఎందుకక్కా అట్ల చేసినవ్? ఆరేండ్ల సంది కొట్లాడుతున్నవ్ నీళ్ల కోసం."

"నిజం చెప్తె నువ్వు ఫెయిలయితవన్నరు గదనే."

"చెప్పకుంటెనే ఫెయిలయిన."

నోరు వెళ్లబెట్టింది. ఆ తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం. "అరే దేవా, గంతసేపు నోరు మూస్కోని కూసుంటె నాకు ఉత్తపుణ్యానికి బీపీ వచ్చింది ఖాలీ పీలీ!" అంది. చాయ్ ఇచ్చింది. చెప్పుల స్టాండు మాత్రం తలుపు పక్కకు మళ్లీ వచ్చి ఉంది. చూసీ చూడనట్టు వచ్చేశాను.

ఆగస్టు 6, బుధవారం

మళ్లీ నోటీసు. 24వ తేదీ. కింద ఎర్ర సిరాతో ఒక గీత గీసి రాశాను: ఎవరి మనసులో ఏముంటే అది చెప్పాలి. గదిగదికీ తిరిగి ఇదే చెప్పాను. ఇది కూడా పరీక్షలో భాగమేనా అని ఒకాయన అనుమానం.

ఆగస్టు 24, ఆదివారం

అన్నం తర్వాత తింటాను. రాయాలి.

ఎవరూ ముస్తాబు కాలేదు. లక్ష్మక్క మూడు ఖాళీ బిందెలు పట్టుకుని దిగింది, గది మధ్యలో పెట్టింది. "గివి నా సాక్షులు. చావి ఎవరి చేతుల ఉన్నది? కిందోళ్ల చేతుల! కిందోళ్లు కడుగుడు అయినంక, బట్టలు అయినంక, మాకు బొట్టు బొట్టు!" కింద గదులవాళ్లు లేచారు, రెండో అంతస్తు వాళ్లూ లేచారు. పన్నెండేళ్ల కిందటి సంగతులు కూడా పైకి వచ్చాయి. సార్ వెనక కూర్చుని హాయిగా రాసుకుంటున్నారు.

ఒకరి తర్వాత ఒకరు అన్నాను. చెప్పిన ప్రతి మాటా పుస్తకంలో ఎక్కించాను. అప్పుడు తట్టింది. ఫిర్యాదు చావి మీద, చావి మామ దగ్గర, అధ్యక్ష స్థానంలో మామ. ఎవరి విషయం చర్చకు వస్తే వాళ్లు ఆ అంశం అయ్యేదాకా కుర్చీ దిగి బయట ఉండాలి. రూలు నాకు తెలుసు. అక్కడ ఉన్నవాళ్లలో నాకూ సార్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకోవచ్చు...

ఊరుకోలేదు. నిలబడి చెప్పాను.

"నన్నా?" అన్నాడు మామ. అంతే అన్నాడు. లేచి, కండువా దులుపుకుని, బయటికి వెళ్లి వానలో గ్యాలరీ అంచు కింద నిలబడ్డాడు. ఈ చాల్ పుట్టాక ఆయన్ను ఎవరూ ఏ కుర్చీ నుంచీ లేపలేదు.

ఓట్లు: వరస మారాలని పంతొమ్మిది, వద్దని పదమూడు. చావి వారానికో అంతస్తుకు. లక్ష్మక్క బిందెలు మోగించింది.

సార్ చెయ్యి కలిపారు. పాస్ అని ఇప్పుడే చెప్పకూడదు, కానీ నిశ్చింతగా నిద్రపో అన్నారు. సంతోషంతో గాల్లో తేలుతూ బయటికి వస్తే అక్కడ మామ లేడు.

ఆగస్టు 25, సోమవారం

తలుపు మీద పేపరు దెబ్బలు లేవు.

ఆగస్టు 26, మంగళవారం

లేవు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. మండపం దగ్గర మామ ఎదురయ్యాడు. ప్రసాదం అందరికీ పెడుతున్నాడు. నా దోసిట్లోనూ పెట్టాడు, ముఖం చూడకుండా. "మామా" అన్నాను. పక్కవాళ్లకు పెట్టడం మొదలుపెట్టాడు.

చేసింది తప్పని అనిపించడం లేదు. అయినా పొద్దున చాయ్ పెట్టి తలుపు వైపే చూస్తున్నాను. అత్తేమో — ఆయన చెయ్యి లేకుండ నీకు కుర్చీ ఎట్ల వస్తదే? అంటుంది. ఆ సంగతి నాకు తెలియదా?

సెప్టెంబరు 6, శనివారం

సర్టిఫికెట్ వచ్చింది. పెద్ద కాగితం, గుండ్రని ముద్ర. మా ఆయన తను నడిపే టాక్సీలో ముందు సీట్లో దాన్ని కూర్చోబెట్టి, నన్ను వెనక కూర్చోబెట్టి, నాగ్‌పాడా చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు. పిచ్చి మనిషి. చాలా నవ్వాను.

14వ తేదీ మీటింగు నోటీసు ముందే అంటించి ఉంది. అంశం ఒకటే. మేనేజరు నియామకం. రెండు పేర్లు, నాదీ, అంధేరీ కంపెనీ మనిషిదీ. రెండింటి కిందా మామ సంతకం. నా పేరు పెట్టాడు. మాట తప్పలేదు. మాట్లాడలేదు కూడా.

సెప్టెంబరు 14, ఆదివారం

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపల మీటింగు.

నా విషయమే కాబట్టి నేను బయట ఉండాలి. ఆ రూలు నేనే చదివి వినిపించి, నా కాళ్ల మీద నేనే బయటికి వచ్చాను. లక్ష్మక్క వెనక నుంచి — "అరే, నువ్వన్న కూసోరాదె!" కూర్చోకూడదు.

కంపెనీ మనిషి ముందు మాట్లాడాడు. మరాఠీ, ఇంగ్లీషు, చక్కగా. చప్పట్లు వినిపించాయి. తర్వాత లొల్లి. కింద గదులవాళ్లు గట్టిగా, లక్ష్మక్క ఇంకా గట్టిగా. అత్త గొంతు కూడా, మధ్యలో ఎవరో కూర్చోబెట్టారు.

ఇప్పుడు మామ లేచినట్టున్నాడు. గది సద్దుమణిగింది. ఆయన గొంతు మెల్లగా, అయినా మెట్ల దాకా స్పష్టంగా...

"జెర ఇనుండ్రి. నేను తెచ్చిన పిల్లనే. నన్నే కుర్చీల కెళ్లి లేపి వానల నిలబెట్టింది. రేపు మీ ఎవ్వరినీ ఇడ్వది. ఇది యాదికి పెట్టుకోని చేతులెత్తుండ్రి."

నా వైపా? నాకు ఎదురా? ఆ గొంతులో కోపం ఉందో ఇంకేమైనా ఉందో పోల్చుకోలేకపోతున్నాను. కళ్లల్లో నీళ్లు మాత్రం వచ్చేశాయి. మూడు వారాల తర్వాత ఆయన నా గురించి మాట్లాడటం ఇదే.

ఎవరో ఓటుకు మొదటి పేరు చదివారు. ఎవరి పేరో వినబడలేదు, బయట లారీ వెళుతోంది. లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు... కిటికీ నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. లేచి చూస్తే తెలిసిపోతుంది. చూడను.

పదకొండు. పన్నెండు. ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు.