తెరుచుకోని ఎద్దుల ఫోటో

మే 2003, శుక్రవారం రాత్రి

గార్లదిన్నె వార్త రేపటి పేపర్లో లేదు. కరువుకు పశువుల గడ్డి పంచేశామని అధికారులు అంటున్నారు. ఖాళీగా ఉన్న గడ్డి కేంద్రం ముందు రైతు ఓబులేసు ఎద్దులు నిలబడిన ఫోటో ఒక్కటే నా దగ్గరున్న రుజువు. అది వేళకు అందలేదని డెస్కువాళ్లు వార్త ఆపేశారు.

సాయంత్రం ఫోటో తెరవబోతే ఫైలు చెడిపోయిందని కంప్యూటర్ చెప్పింది. ఆపరేటర్ మహబూబ్, నేను కెమెరాను తిట్టుకుంటూ కూర్చున్నాం. పేజీ ప్రెస్సుకు వెళ్లిపోయాక అతనికి అనుమానం వచ్చింది.

“అన్నా, నిన్న బొమ్మలు దిద్దే కొత్త ప్రోగ్రామ్ ఎక్కించినా. ఫోటోలన్నీ దాంట్లోనే తెరుచుకుంటాండాయి. దానికి మన కెమెరా ఫైళ్లు తెలీవు.”

“నిన్ననే చెప్పొచ్చు గదప్పా.”

“నువ్వు అడిగితే గదా అన్నా.”

ఈ రకం ఫైళ్లు ఇకమీదట పాత ప్రోగ్రామ్‌లోనే తెరుచుకోవాలని టిక్కు పెట్టాడు. ఫోటో వచ్చింది. ఫైలుకు ఏమీ కాలేదు. ఇద్దరు చెబితే గాని ఏ మాటా రాయని నేను, కంప్యూటర్ మాట ఒక్కసారికే నమ్మాను.

“రేపు పేపర్లో వస్తాదా అన్నా? వస్తే గడ్డి తోల్తారు. రాకపోతే ఎద్దుల్ని సంతకు తోలుకపోతా” అన్నాడు ఓబులేసు పొద్దున నేను ఫోటో తీస్తుంటే. వస్తుందని చెప్పి వచ్చాను. రేపే సంత. ఆయనకు ఫోను లేదు.

పేపరు కట్ట తెల్లారి మొదటి బస్సుకు ఆ ఊరు చేరుతుంది. నేనూ అదే బస్సుకు పోతాను. పోయి ఏం చెప్పాలి? ఫోటో ఇప్పుడు తెరుచుకుంటోందని చెప్పాలా?